నోటీసమ్మ తోలు సంచి

కోర్టు నోటీసులు ఇంటింటికీ పట్టుకెళ్ళి ఇచ్చే ఉద్యోగం ఎలాంటిదో చేసినవాళ్ళకే తెలుస్తుంది. గుమ్మంలో మిమ్మల్ని చూసి సంతోషించేవాళ్ళు ఒక్కరూ ఉండరు. ఎండలో నాలుక పిడచగట్టుకుపోయినా మంచినీళ్ళు అడగడానికి మొహం చెల్లదు. మనం చెప్పుకుంటున్న ఆవిడ ఆ పని తొమ్మిదేళ్ళుగా చేస్తోంది. భర్త పోయాక ఆయన ఉద్యోగమే ఆవిడకిచ్చారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ అది ఆఫీసు రిజిస్టరులో తప్ప ఎక్కడా పనికి రాలేదు. కోర్టు గుమాస్తా దగ్గర్నుంచి వీధి చివర టీ కొట్టు దాకా అందరికీ ఆవిడ నోటీసమ్మే. అత్తగారు కూడా కోపం వచ్చినప్పుడు అలాగే పిలిచేది.

ఆ పనికో పద్ధతుంది. తలుపు మూడుసార్లు తట్టి, పేరు పెట్టి పిలిచి, కాసేపు ఆగాలి. మనిషి వస్తే కాగితం చేతికిచ్చి సంతకం తీసుకోవాలి. తాళం ఉంటే కాగితం వెనక 'ఇంటికి తాళం వేసి ఉంది' అని రాసి తేదీ వెయ్యాలి. అలా వేర్వేరు రోజుల్లో మూడుసార్లు వెళ్ళాలి. మూడోసారీ తాళమే కనిపిస్తే నోటీసును తలుపుకి అంటించి, ఇరుగుపొరుగు ఇద్దరి చేత సాక్షి సంతకాలు పెట్టించి ఆఫీసులో అప్పజెప్పాలి. ఇక కోర్టు లెక్కలో ఆ మనిషికి నోటీసు అందినట్టే. వాయిదాకి రాకపోతే ఎదుటివాళ్ళు అడిగినదంతా రాసిచ్చేస్తారు. ఇల్లు అయితే ఇల్లు, పిల్లాడైతే పిల్లాడు.

ఇంట్లో ఆవిడా అత్తగారూ ఇద్దరే. పెద్దావిడకి నడుం కింద పనిచెయ్యక రెండేళ్ళయింది, నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. పొద్దున తొమ్మిదింటికి మంచం పక్కన అన్నం గిన్నె, నీళ్ళ చెంబు, రేడియో పెట్టి, బయట తాళం వేసి నోటీసమ్మ కోర్టుకి బయల్దేరేది. మొదట్లో తలుపు ఊరికే దగ్గరగా వేసి వెళ్ళేది. ఒకరోజు కుక్క దూరి గిన్నెలో అన్నమంతా తినేసి, మంచం కింద హాయిగా పడుకుంది. అత్తగారు అరిచి అరిచి, చివరికి దాంతోనే సాయంత్రం దాకా కష్టం సుఖం చెప్పుకుందట. ఆ మర్నాటి నుంచే తాళం.

ఇంతలో ఆవిడ గుడ్డ సంచి అడుగు చిరిగి, ఒక నోటీసు వర్షం నీళ్ళలో పడి సిరా అంతా కారిపోయింది. గుమాస్తా అందరి ముందూ కడిగేశాడు. తల కొట్టేసినట్టయి, ఆ సాయంత్రమే తోలు బాబాయ్ కొట్టుకి వెళ్ళింది. తోలు బాబాయ్ అంటే చుట్టమేం కాదు, యాభై ఏళ్ళుగా తోలు సంచులూ బెల్టులూ కుట్టే ముసలాయన. ఆయన మూడు సంచులు ముందు పెట్టాడు.

మొదటిది తళతళలాడుతోంది. నోటీసమ్మ గోటితో అంచు గీరితే రంగు పెచ్చులా లేచింది.

"ఇది తోలు కాదు బాబాయ్, తోలుకి దూరపు చుట్టం" అంది.

రెండోది మెత్తగా బాగానే ఉంది గానీ భుజం పట్టీ కుట్టు పల్చన. రెండు చేతులతో పట్టి లాగి చూసింది.

"అలా లాగకమ్మా. అది తెగదు గానీ నా ప్రాణం పోతుంది" అన్నాడాయన.

మూడోది వెనక మేకుకి వేలాడుతోంది. ముదురు గోధుమరంగు, చెక్కలా బిరుసు, రెండు ఇత్తడి బకిళ్ళు, మైనం పూసిన దారంతో చేతికుట్టు. బొటనవేలితో నొక్కితే ముడతలు విచ్చుకుని మళ్ళీ సర్దుకున్నాయి. నీళ్ళు చిలకరిస్తే బొట్లుబొట్లుగా నిలిచి జారిపోయాయి. కేసు కట్ట ఒకటి లోపల పెట్టి చూసింది, మూల మడత పడకుండా పట్టింది. ఆఖరి పరీక్షగా బల్ల మీద నుంచి కిందికి పడేస్తే నిటారుగా నిలబడింది.

"కుట్టి నాలుగేళ్ళయింది. వచ్చినవాళ్ళంతా బరువని వదిలేస్తున్నారు" అన్నాడు తోలు బాబాయ్.

"నేను మోసేవన్నీ బరువైన కాగితాలే. ఇదే ఇవ్వు."

ఆయనకో అలవాటుంది. ఏ సంచినైనా ఇచ్చేముందు కాటాలో తూచి, మూత లోపలి వైపు సిరాతో బరువు రాస్తాడు. మరమ్మతుకి తిరిగొచ్చినప్పుడు నూనె ఎంత తాగిందో, తేమ ఎంత పట్టిందో తెలుస్తుందని. కిలో ఆరువందలు అని రాశాడు.

"ఒక్క మాట విను. మొదటి నెల దీన్ని ఎలా వాడతావో అలాగే తయారవుతుంది. ఏం పెడితే ఆ ఆకారం పట్టేస్తుంది. తర్వాత మనం మారినా ఇది మారదు. చెత్తాచెదారం కుక్కొద్దు" అన్నాడు.

నోటీసమ్మ సరేనని సంచి భుజానికి తగిలించుకుని ఇంటికొచ్చింది. ఆ మాట ఆవిడ పెద్దగా చెవిన వేసుకోలేదు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. ఆ నెలంతా ముసురు. ఆవిడ మోకాళ్ళు రెండూ పొంగి, మెట్లు చూస్తేనే ఏడుపొచ్చేది. కోర్టులో మిగతావాళ్ళు ఏళ్ళ తరబడి చేస్తున్న పని ఒకటుంది. గుమ్మం దాకా పోకుండానే టీ కొట్టు బల్ల మీద కూర్చుని 'తాళం వేసి ఉంది' అని రాసెయ్యడం. నోటీసమ్మ అంతకుముందు ఎప్పుడైనా ఒకటీ అరా చేసిందేమో. ఆ నెలలో మాత్రం పదకొండు చేసింది. టీ కొట్టాయన ఒక సాక్షి, పొద్దస్తమానం ఆ బల్ల మీదే కూర్చునే పెద్దమనిషి ఇంకో సాక్షి. ఆయన అయితే ఏం కాగితమని కూడా అడిగేవాడు కాదు, ముందు సంతకం పెట్టి తర్వాత కళ్ళజోడు వెతుక్కునేవాడు. ఇది చదివి ఎవరూ మొహం చిట్లించనక్కర్లేదు. నొప్పి కాళ్ళతో నాలుగంతస్తులు ఎక్కి చూస్తే తెలుస్తుంది. అయినా తప్పు తప్పే, ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

తేడా మొదట భుజానికి తెలిసింది. నిజంగా చేతికిచ్చిన నోటీసులు ఇచ్చినకొద్దీ సంచి తేలికయ్యేది. టీ కొట్టులో రాసినవి మాత్రం ఆఫీసులో అప్పజెప్పినా సంచి బరువు తగ్గేది కాదు. వట్టి సంచి కూడా లోపల కట్ట ఉన్నట్టు ఉబ్బెత్తుగా ఉండేది. చెయ్యి పెట్టి తడిమితే ఏమీ తగిలేది కాదు. తలకిందులు చేసి దులిపితే ఒక గుండుసూది రాలింది. వయసు మీద పడి బలం తగ్గిందేమో అని సరిపెట్టుకుంది.

నెల తిరిగాక ఆగలేక తోలు బాబాయ్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన వట్టి సంచిని కాటాలో పెట్టాడు. రెండు కిలోల నూట యాభై. మూత ఎత్తి తను రాసింది చదువుకున్నాడు. రాళ్ళు మార్చి మళ్ళీ తూచాడు. మారలేదు. తోలుని బుగ్గకి ఆనించి చూశాడు.

"ఎండిన కట్టెలా ఉంది. చుక్క తేమ లేదు. ఏం పెట్టావమ్మా దీంట్లో?"

"కోర్టు కాగితాలే."

"కాగితాలు తీస్తే పోయే బరువు కాదిది." ఆయన సంచిని బల్ల మీద నుంచి ఆవిడ వైపు తోశాడు, చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "ఏం పెట్టి మొదలెట్టావో అది తీసెయ్. అంతకు మించి నాకు తెలీదు."

ఇన్నేళ్ళలో ఆయన ఒక సంచిని ముట్టుకోవడానికి వెనకాడడం ఆవిడ చూడలేదు. దార్లో రెండుసార్లు సంచి విప్పి లోపల చూసింది.

మర్నాడు ఆదివారం. సంచి తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. వంటగదిలో నోటీసమ్మ కూర తరుగుతుంటే అత్తగారు పిలిచింది.

"అమ్మాయ్, ఎవరో తలుపు కొడుతున్నారు చూడు."

తీస్తే ఎవరూ లేరు. వీధిలో ఎండ తప్ప ఇంకేమీ లేదు. వచ్చి కత్తిపీట ముందు కూర్చుందో లేదో మళ్ళీ పిలుపు.

"మళ్ళీ కొట్టారు. మూడుసార్లు. నీకు చెవుడొచ్చిందా ఏమిటి?"

"గాలికి బకిల్ తలుపుకి తగులుతోందేమో అత్తయ్యా" అంటూ సంచిని మేకు మీద నుంచి తీసి కుర్చీ మీద పరుపు ముక్క వేసి పెట్టింది. ఈసారి ఆవిడకీ వినిపించింది. టక్, టక్, టక్. తర్వాత కాస్త విరామం. చెక్క మీద వేలి కణుపు చప్పుడు. తొమ్మిదేళ్ళుగా ఏ తలుపు మీదైనా తను తట్టే తీరే అది, రెండో దెబ్బకీ మూడో దెబ్బకీ మధ్య తను ఆగే ఆ చిన్న ఆగడంతో సహా. చప్పుడు తలుపు దగ్గర్నుంచి రాలేదు. కుర్చీ మీద నుంచి వచ్చింది. అక్కడే గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

అత్తగారికి పనేముంది, వేళ్ళ మీద లెక్కపెట్టింది. మధ్యాహ్నానికి ఆగింది.

"పదకొండు మంది వచ్చి పోయారు. ఒక్కరికీ తలుపు తియ్యవు. పాపం ఎంత దూరం నుంచి వచ్చారో" అంది.

అత్తగారికి ఆ పదకొండు సంగతి ఎవరూ చెప్పలేదు. నోటీసమ్మ మంచం కింద పెట్టెలోంచి తన డైరీ తీసింది. పేజీలు తిప్పి లెక్క చూసుకుంది. టీ కొట్టులో రాసినవి పదకొండు. వాటిల్లో ఒకదాని వాయిదా మర్నాడే, మధ్యాహ్నం రెండున్నరకి. పాత మేడ పడగొట్టి కొత్తది కడతానని యజమాని వేసిన కేసు. నాలుగో అంతస్తు గదిలో ఉండే ఒక పెద్దావిడని ఖాళీ చేయించమని. పెద్దావిడ రేపు రాకపోతే, తన తరఫున ఎవరూ మాట్లాడకపోతే, గది పోయినట్టే. ఆవిడ రాదు, ఎందుకంటే ఆవిడకి కేసున్నట్టే తెలియదు.

సోమవారం పొద్దున సంచి భుజాన వేసుకుని ఆ మేడ ఎక్కింది. ఒక్కో అంతస్తుకీ ఆగింది. మోకాళ్ళని తిట్టుకుంది, తనని తాను తిట్టుకుంది. నాలుగో అంతస్తులో చివరి తలుపు ముందుకొచ్చి చూసేసరికి కాళ్ళల్లో సత్తువ తిరిగొచ్చినట్టయింది. తలుపుకి తాళం ఉంది. ఇంత లావు తాళం. నిజంగా తాళమే. టీ కొట్టులో కూర్చుని రాసినా తను రాసింది అబద్ధం కాదన్నమాట. నవ్వొచ్చినంత పనైంది. అనవసరంగా ఇంత భయపడ్డానే అనుకుని వెనక్కి తిరిగింది.

భుజం మీది సంచిలోంచి వినిపించింది. టక్, టక్, టక్.

గది లోపల్నుంచి జవాబొచ్చింది. ఇనుప మంచం కోడు మీద గ్లాసుతో కొట్టినట్టు, టింగ్, టింగ్, టింగ్.

నోటీసమ్మ గిరుక్కున తిరిగింది. తలుపు దగ్గరికి వచ్చి, చెక్కకి నోరు ఆనించి అడిగింది.

"లోపల ఎవరు?"

"నేనేనమ్మా" అంది ముసలి గొంతు. "లేవలేను. మా అమ్మాయి పనికి పోతూ తాళం వేసుకుపోతుంది. ఆరింటికి గానీ రాదు. ఇవాళైనా మాట్లాడావు, సంతోషం."

"ఇవాళైనా అంటే?"

"రోజూ వస్తున్నావు కదా. నెల కావస్తోంది. మూడుసార్లు తడతావు. నేను గ్లాసుతో కొడతాను, ఉన్నానని. పిలుస్తాను కూడా. నువ్వు పలకవు. మా అమ్మాయితో చెబితే నాకు మతి పోయిందంటోంది. నువ్వే కదమ్మా?"

ఆ తలుపు ముందుకి నోటీసమ్మ రావడం అదే మొదటిసారి. ఆ నెలంతా అక్కడ నిలబడి తట్టింది ఎవరో, ఏమిటో, ఆవిడకి తెలియదు. ఎదురుగా తాళం వేలాడుతోంది. సరిగ్గా అలాంటి తాళమే ఒక గంట కిందట తను తన ఇంటికి వేసి వచ్చింది, లోపల అత్తగారిని పెట్టి. లోకంలో ఇంకెవరైనా తాళం చూసి ఇంట్లో ఎవరూ లేరనుకోవచ్చు. తను అనుకోకూడదు. ఆ సిగ్గుతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నేనే పెద్దమ్మా" అంది. "తప్పైపోయింది. ఇంక అలా వెళ్ళను."

కేసు సంగతీ వాయిదా వేళా ఒక కాగితం మీద రాసి తలుపు కింది సందులోంచి లోపలికి తోసింది. రాత్రికి కూతురు చదువుతుంది సరే, అప్పటికి వాయిదా అయిపోతుంది. దీన్ని ఆపడానికి ఒక్కటే దారి. మూడుసార్లు వెళ్ళాననీ, అంటించాననీ తను సంతకం పెట్టి ఇచ్చిందంతా అబద్ధమని జడ్జి గారి ముందు తనే చెప్పాలి. చెబితే ఉద్యోగం ఉండదు. ఉద్యోగం లేకపోతే మంచంలో ఉన్న అత్తగారిని ఎలా సాకాలి? మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఏడుస్తుంటే పక్కన పెట్టిన సంచి చప్పుడు చెయ్యలేదు. ఊరికే నిటారుగా నిలబడి ఉంది.

రెండున్నరకి కేసు పిలిచారు. గుమాస్తా నోటీసు రిపోర్టు అందించాడు. యజమాని తరఫు లాయరు లేచి నిలబడ్డాడు. ఆయన నోరు తెరిచేలోపే బోనులోకి ఎవరూ పిలవకుండానే ఎక్కిన మనిషిని చూసి హాలంతా బిత్తరపోయింది.

"నేను వెళ్ళలేదండి" అంది నోటీసమ్మ. "ఆ మనిషి ఇంట్లోనే ఉంది."

"ఈ సాక్షి సంతకాలు?" అన్నారు జడ్జి గారు.

"టీ కొట్టులో పెట్టించానండి. ఇలాంటివి ఇంకో పది ఉన్నాయి."

గుమాస్తా తల పట్టుకున్నాడు. జడ్జి గారు కేసు వాయిదా వేశారు, నోటీసమ్మని విచారణ అయ్యేదాకా విధులకి దూరంగా పెట్టారు. బయట వరండాలో గుమాస్తా వెనకే వచ్చాడు.

"అక్కా, నోరు మూసుకునుంటే పోయేది కదా. ఎవరడిగారు నిన్ను?"

"అడుగుతూనే ఉన్నారు తమ్ముడూ. నాకే వినబళ్ళేదు" అంది.

ఇంటికి నడుస్తుంటే భుజానికి కాస్త తేడా తెలిసింది.

ఆ మర్నాటి నుంచి మనిషి కాలికి బలపం కట్టుకున్నట్టు తిరిగింది. అడిగినవాళ్ళు లేరు, ఇంక చేతిలో ఉద్యోగం కూడా లేదు. అయినా మిగిలిన పది తలుపులకీ వెళ్ళింది. తట్టింది, పిలిచింది, ఆగింది. వాయిదాలు ఎప్పుడో చెప్పింది, కోర్టులో ఏం చెప్పుకోవాలో చెప్పింది. కొందరు కూర్చోబెట్టారు, ఒకాయన మెట్ల దాకా తరిమాడు. ఒక్కో తలుపు అయ్యాక తోలు బాబాయ్ కాటా మీద సంచి యాభై గ్రాములు తగ్గేది. ఆయన ఏమీ అడిగేవాడు కాదు, తూచి తిరిగిచ్చేవాడు.

పదకొండోది ఒక సందులో కింది వాటా. మొగుడూ పెళ్ళామూ ఇద్దరు చంటిపిల్లలూ ఉండాలి. నోటీసమ్మ తట్టగానే కొత్త సున్నం వాసనతో తలుపు తెరుచుకుంది. ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడ.

"పాతవాళ్ళా? కోర్టు వాళ్ళొచ్చి సామాను వీధిలో పెట్టేశారట. తమకి కాగితమే రాలేదని మొత్తుకున్నారట పాపం. ఎటు పోయారో ఎవరికీ తెలీదు."

నోటీసమ్మ ఆ సందంతా అడిగింది. ఆ చుట్టుపక్కల నాలుగు వీధులూ అడిగింది. చిన్నపిల్లలతో ఎవరు కనిపించినా ఆగి మొహాలు చూసేది. సంచి కాటా మీద కిలో ఆరువందల యాభై దగ్గర ఆగిపోయింది.

"నూనె పట్టిందనుకో" అన్నాడు తోలు బాబాయ్, కిందికి చూస్తూ.

ఆరు నెలల తర్వాత మందలించి, మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. నాలుగో అంతస్తు పెద్దావిడ కేసు ఇంకా నడుస్తోంది, గదిలో ఆవిడే ఉంది. నోటీసమ్మ ఇప్పుడు తాళంచెవి పక్కింటి వాళ్ళకిచ్చి పోతోంది. తలుపుకి తన చేత్తో రాసిన కాగితం ఒకటి అంటించింది: 'లోపల మనిషి ఉంది. గట్టిగా పిలవండి.' దానికి సాక్షి సంతకాలు కూడా పెట్టించమని అత్తగారు వేళాకోళం చేసింది.

సాయంత్రం ఇంటికొచ్చి సంచి మేకుకి తగిలించి, మోకాళ్ళకి కాపడం పెట్టుకుంటూ కూర్చుంటుంది. సరిగ్గా ఆ వేళకి, రోజూ ఒక్కసారే, టక్, టక్, టక్ అని వినిపిస్తుంది.

"అమ్మాయ్, తలుపు" అంటుంది అత్తగారు.

చప్పుడు సంచిలోంచి వస్తోందని ఇద్దరికీ తెలుసు. అయినా నోటీసమ్మ గోడ పట్టుకుని లేస్తుంది. వెళ్ళి తలుపు బార్లా తీస్తుంది. ఎవరూ ఉండరు. నలుగురు మనుషులు, అందులో ఇద్దరు చంటివాళ్ళు, గడప దాటడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ పక్కకి తప్పుకుని నిలబడుతుంది. తర్వాత తలుపు దగ్గరగా వేసి, గడియ మాత్రం పెట్టకుండా వచ్చి కూర్చుంటుంది.